తొమ్మిదిన్నర గారికి బహిరంగ లేఖ

తొమ్మిదిన్నర గారికి,

మీరు క్షేమంగా ఉన్నారని తెలుసు. లేకపోతే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

మిమ్మల్ని ఎరగని పాఠకుల కోసం ముందు పరిచయం చేసేస్తాను. ఇంగ్లండులో ప్రభుత్వ పింఛను వయసుకు చేరినవాళ్లకు, వికలాంగులకు కౌన్సిలు వాళ్లు ఒక బస్సు పాసు ఇస్తారు. గులాబి పువ్వు ముద్ర ఉన్న ప్లాస్టిక్ కార్డు. డ్రైవరు పక్కనున్న మిషనుకు ఆనిస్తే చిన్న కూత కూస్తుంది, ఇక వెళ్లి కూర్చోవడమే. సొంత ఊళ్లోనే కాదు, ఇంగ్లండులో ఏ మూలకు వెళ్లినా అక్కడి లోకల్ బస్సు ఎక్కవచ్చు. శని, ఆదివారాల్లోనూ బ్యాంకు సెలవుల్లోనూ ఏ వేళనైనా సరే. మిగతా అయిదు రోజులు మాత్రం ఉదయం 9:30 నుంచి రాత్రి 11 దాకానే. ఆ ఉదయం గీత మీరు. రాత్రి పదకొండు గారితో నాకు పేచీ లేదు. ఈ వయసులో ఆయన ముఖం చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

మా అమ్మ పంచాంగం చూడనిదే గడప దాటేది కాదు. సోమవారమైతే రాహుకాలం ఏడున్నరకు మొదలై తొమ్మిదికి అయిపోయేది. మంగళవారం మధ్యాహ్నం మూడు దాకా దాని ఊసే ఉండదు. రోజుకో వేళ కాబట్టి పొద్దున పనులున్నవాళ్లకు ఒకరోజు, సాయంత్రం పనులున్నవాళ్లకు ఒకరోజు, తలా కాస్త ఇబ్బంది. రాహువుకున్న ఆ పాటి న్యాయబుద్ధి కూడా మీకు లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ అదే వేళ, రోజూ ఆ ముసలివాళ్లే. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా ఆయన డ్యూటీలో ఉంటాడని కాబోలు, ఆ రోజు మీరు సెలవు తీసుకుంటారు.

మీ ప్రతాపం చూడాలంటే తొమ్మిదీ ఇరవైకి మా స్టాపు దగ్గరికి రావాలి. చక్రాల సంచులు, చేతికర్రలు, వానకోట్లు అన్నీ ఒక్కొక్కటిగా పోగవుతాయి. అంతకు ముందు వచ్చిన బస్సు సగం ఖాళీగా వెళ్లిపోతుంటే అందరం మర్యాదగా చూస్తూ నిలబడతాం. తొమ్మిదీ ఇరవై ఏడుకి ఇంకొకటి వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు నాటకం. ముందున్న పెద్దాయన కార్డు చూపించి, 'మరీ ముందు వచ్చేశానా?' అని అడుగుతాడు. ఈ ప్రశ్న ఇంగ్లండు డ్రైవర్లు ఎన్ని వేలసార్లు విన్నారో, 'యామ్ ఐ టూ ఎర్లీ' అన్న ఆ మాటల్ని కుదించి మాకు 'ట్వర్లీ'లని పేరు పెట్టేశారు. కొందరు డ్రైవర్లు మంచివాళ్లు. షూ లేసు కట్టుకుంటున్నట్టో, అద్దం సర్దుకుంటున్నట్టో రెండు నిమిషాలు నటించి పెడతారు. ఇంకొందరు 'ఇంకా టైం కాలేదు, మి డక్' అంటారు. మిడ్లాండ్స్ యాసలో అది ముద్దు పిలుపే. ముద్దుగా పిలిచి ఆపేస్తారన్న మాట. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు టైము తప్పితే డిపోలో అడుగుతారు, మాకు కార్డు కూస్తే మిషనులో లెక్క పడుతుంది. మధ్యలో నిలబడి తిట్లు తినేది డ్రైవరు, మీరు మాత్రం కనపడరు.

నేను ఈ దేశంలో ఆస్పత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అందుకని ఒక సంగతి చెప్పే అర్హత నాకుంది. పరగడుపున ఇవ్వాల్సిన రక్తం ఎప్పుడిస్తారు? పొద్దునే. సుగరున్న మనిషిని పదకొండు దాకా పస్తుంచితే కళ్లు తిరిగి పడిపోతుంది. అందుకే ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది అని టైములు ఇస్తారు. ఆ టైములు ఎవరికి? ఎక్కువగా అరవై అయిదు దాటినవాళ్లకే. ఒక ప్రభుత్వ శాఖ ముసలివాళ్లను తొమ్మిదికి రమ్మంటుంది. ఇంకో ప్రభుత్వ శాఖ తొమ్మిదిన్నరకు గానీ బస్సు ఎక్కనివ్వదు. ఈ రెండు శాఖలూ దగ్గరదగ్గరే ఉంటాయి లండన్లో, కలిసి టీ తాగే దూరంలో.

మా వీధి చివర ఒక గుజరాతీ ఆవిడ ఉంది. కూతురు పొద్దున ఏడున్నరకే డ్యూటీకి వెళ్లాలి. ఈవిడ మనవల్ని లేపి, తినిపించి, ఎనిమిదీ నలభైకల్లా బడిలో దింపాలి. అంటే రోజూ మీరు నిద్ర లేవకముందే బస్సెక్కాలి. ఒక్కసారికి గరిష్ఠ చార్జీ 2025 జనవరిలో 2 పౌండ్ల నుంచి 3 పౌండ్లకు పెరిగింది. వారానికి 15 పౌండ్లు, కేవలం వెళ్లడానికి. తొమ్మిదిన్నర దాకా ఆగితే తిరిగి రావడం ఉచితం, ఎందుకంటే అప్పటికి మీరు మేల్కొని ఉంటారు. ఈవిడ లేకపోతే ఆ కూతురు ఉద్యోగం మానేయాలి, లేదా పిల్లల్ని చూసుకునేవాళ్లకు జీతమివ్వాలి. మా తెలుగు ఇళ్లల్లోనూ ఇదే కథ. ఇక్కడ స్థిరపడిన అమ్మమ్మలు, నానమ్మలు చేసే చాకిరీ ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు. ఎక్కేది ఆ మూడు పౌండ్లే. పిల్లల్ని చూడ్డానికి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకైతే ఈ పాసే ఉండదు. ఇది ఇక్కడ కాపురం ఉంటున్నవాళ్లకు మాత్రమే.

సరే, మీ తరఫు వాదన కూడా వినకుండా తీర్పు చెప్పను. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా పట్నాల్లో బస్సులు బడిపిల్లలతో, ఉద్యోగస్తులతో కిక్కిరిసి ఉంటాయి. ఆ గంటన్నర కోసమే కంపెనీలు అదనంగా బస్సులు కొంటాయి, డ్రైవర్లను పెట్టుకుంటాయి. ఆ తర్వాత అవి డిపోలో ఎండకు ఎండి వానకు తడుస్తూ పడుంటాయి. ఆ వేళలో మేం కూడా ఉచితంగా ఎక్కితే ఇంకో బస్సు కావాలి, దాని ఖర్చు ఎవరో పెట్టుకోవాలి. పదకొండు గంటలకు ఎక్కితే మాత్రం ఎలాగూ తిరిగే బస్సులో ఖాళీ సీటు నిండుతుంది, అంతే. ఈ లెక్కలో తప్పులేదు. బర్మింగ్‌హామ్‌ లాంటి పట్నాల్లో మీకో అర్థముంది.

కానీ మీరు పల్లెకు కూడా వచ్చారే, అదీ గొడవ. పల్లెలో రష్ అవర్ ఎక్కడిది? చాలా ఊళ్లకు పట్నం వెళ్లే బస్సు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, తిరుగు బస్సు సాయంత్రం ఒకటి. ఆ పొద్దుటి బస్సు తొమ్మిదీ పదికి బయల్దేరుతుందనుకోండి, పాసున్నవాళ్లకు అది లేనట్టే. పన్నెండింటి దాన్ని పట్టుకుంటే ఒంటిగంటకు పట్నంలో దిగుతారు. మూడున్నరకు చివరి బస్సు. ఆ మధ్యలో డాక్టరు, బ్యాంకు, మందుల షాపు, తిండి అన్నీ అయిపోవాలి. అసలు నవ్వొచ్చేదేమిటంటే, ఆ తొమ్మిదీ పది బస్సులో కూర్చునేందుకు డ్రైవరు తప్ప ఇంకెవరూ ఉండరు. రద్దీ కోసం పెట్టిన నియమం ఖాళీ బస్సుకు కాపలా కాస్తోంది.

మీ జాతకం తిరగేశాను. 2000 నాటి రవాణా చట్టంలో పుట్టారు. అప్పటికి మీ పక్కనున్నది ఉచిత పాసు కాదు, సగం చార్జీ. దానికి ముందు ఎవరికి ఎంత రాయితీ ఇవ్వాలన్నది ఏ కౌన్సిలుకు ఆ కౌన్సిలు ఇష్టం. లండన్ మాత్రం 1973లోనే పెద్దవాళ్లకు పాసు ఇచ్చింది. 2005 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ మరుసటేడు నుంచి సొంత ప్రాంతంలో ప్రయాణం పూర్తిగా ఉచితమన్నారు. ఆ మేలో ఎన్నికలున్నాయన్నది వేరే సంగతి. 2008 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా తిరగొచ్చన్నారు. ఏప్రిల్ ఒకటిన అమల్లోకి వచ్చిన పథకాల్లో ఇన్నాళ్లు నిలిచినవి తక్కువే కాబట్టి దండం పెట్టుకోవాల్సిందే. 2010 దాకా అరవైకే పాసు వచ్చేది. ఆ తర్వాత దాన్ని ఆడవాళ్ల పింఛను వయసుకు ముడివేశారు. ఆ వయసు పెరుగుతూ ఇప్పుడు 66 దాటింది, 2028కల్లా 67 అవుతుంది. పాసు మన ముందు నడుస్తూనే ఉంటుంది, మనం దాని వెనక.

స్కాట్లండు, వేల్సుల్లో అరవైకే ఇస్తారు. అక్కడ మీరు లేరు కూడా, పొద్దున ఆరింటికైనా ఎక్కవచ్చు. స్కాట్లండు 2022 జనవరి నుంచి ఇరవై రెండేళ్ల లోపు పిల్లలకు కూడా ఉచితం చేసింది. లండన్లో కోవిడ్‌కు ముందు వృద్ధుల పాసుకు ఏ వేళయినా ఒకటే. 2020 జూన్‌లో తాత్కాలికమంటూ తొమ్మిది లోపు ఆపారు. ఆ తాత్కాలికం 2023 జనవరిలో శాశ్వతమైంది. అయినా అక్కడ గీత తొమ్మిది దగ్గరే. మీకన్నా అరగంట దయగల తమ్ముడు.

ఇంతకీ మీ వెనకున్నదెవరు? ఇన్నాళ్లూ ఇది అడక్కుండా మీ మీదే చిందులు తొక్కాను. అడిగితే డబ్బు దగ్గరికి చేరాను.

నా కార్డు కూసినప్పుడల్లా మిషనులో ఒక లెక్క పడుతుంది. ఆ లెక్క కౌన్సిలుకు వెళ్తుంది. కౌన్సిలు బస్సు కంపెనీకి డబ్బు కట్టాలి, చట్టం ప్రకారం కట్టితీరాలి. కానీ పూర్తి చార్జీ కాదు. ఈ పథకం వల్ల కంపెనీకి లాభమూ రాకూడదు, నష్టమూ రాకూడదు అన్నది సూత్రం. అంటే పాసు లేకపోతే ఈవిడ డబ్బిచ్చి ఎక్కేదా, ఇంట్లో కూర్చునేదా అని ఒక ఊహ కట్టాలి. డబ్బిచ్చి ఎక్కేదనుకున్న ప్రయాణాలకు చార్జీ ఇస్తారు. ఉచితం కాబట్టే ఎక్కిందనుకున్న వాటికి డీజిలూ అరుగుదలా లాంటి ఖర్చు మాత్రమే. లెక్కలన్నీ అయ్యాక కంపెనీ చేతికొచ్చేది చాలాచోట్ల టికెట్టు ధరలో సగం చుట్టుపక్కలే. నేను ఎందుకు బస్సెక్కానో నాకే తెలియని రోజులున్నాయి, రవాణా శాఖ దగ్గర మాత్రం దానికో సూత్రం ఉంది.

ఇంకో వినోదం చెప్పనా? ఆ డబ్బు కట్టాల్సింది నాకు పాసిచ్చిన కౌన్సిలు కాదు. నేను ఎక్కడ బస్సెక్కానో ఆ ప్రాంతం కౌన్సిలు. వేసవిలో ఏ స్కెగ్నెస్‌కో పోయి, సముద్రపొడ్డున ఐస్‌క్రీము తిని, ఆ ఊళ్లో బస్సెక్కితే ఆ ప్రయాణం ఖర్చు లింకన్‌షైర్ వాళ్లది. సముద్రపొడ్డు ఊళ్లకు, గుళ్లూ కోటలూ ఉన్న ఊళ్లకు జనం వచ్చి సంతోషపడి పోతారు, బిల్లు ఆ ఊరికి మిగులుతుంది. 2008లో దేశమంతా తిరగండి అన్నప్పుడు ఇలాంటి చిన్న చిన్న జిల్లా కౌన్సిళ్లు లబోదిబోమన్నాయి. 2011లో ఆ బాధ్యతను పై అంచె కౌన్సిళ్లకు మార్చి కాస్త సర్దారు.

ఆ 2011లోనే ఇంకో పని కూడా జరిగింది. అసలు దెబ్బ అది. దేశమంతా తిరిగే పాసు వచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వం దాని కోసం విడిగా ఒక నిధి ఇచ్చేది. ఆ నిధిని కౌన్సిళ్లకిచ్చే మామూలు గ్రాంటులో కలిపేశారు. కలిపాక ఏ పౌండు బస్సుదో, ఏ పౌండు చెత్తబండిదో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. సరిగ్గా అప్పుడే పొదుపు పేరుతో ఆ మామూలు గ్రాంటునే ఏటేటా కోసుకుంటూ వచ్చారు. మనవైపు దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇవ్వననలేదు పాపం. వరమిచ్చిన దేవుడే దాని ఖర్చు పూజారి జేబులోంచి తీసుకోమన్నాడు.

కౌన్సిలు జేబు సంగతి అందరికీ తెలిసిందే. కౌంటీల్లో సింహభాగం ముసలివాళ్ల సంరక్షణకూ, దిక్కులేని పిల్లలకూ పోతుంది. అవి తప్పించుకోలేని ఖర్చులు. 2018లో నార్తాంప్టన్‌షైర్, 2023లో బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ ఇక మా వల్ల కాదని 114వ సెక్షను నోటీసు ఇచ్చి చేతులెత్తేశాయి. పాసు కూడా చట్టం పెట్టిన ఖర్చే, కోయడానికి వీల్లేదు. మరి కోయడానికి వీలైనదేది? బస్సే.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మా స్టాపులో నిలబడేవాళ్లలో చాలామందికి తెలియదు. లండన్ బయట 1986 అక్టోబరులో బస్సుల మీద అదుపు ఎత్తేశారు. లాభమొచ్చే రూటులో ఎవరైనా బస్సు నడుపుకోవచ్చు. లాభం రాని రూటు అవసరమని కౌన్సిలు అనుకుంటే టెండరు పిలిచి, డబ్బిచ్చి నడిపించుకోవాలి. 'అనుకుంటే'. పాసుకు డబ్బు కట్టి తీరాలని చట్టం. బస్సు మాత్రం కౌన్సిలు అనుకుంటేనే. అందుకని కత్తెర పడ్డప్పుడల్లా పడింది టెండరు బస్సుల మీద. కంబ్రియా కౌంటీ 2014లో, ఆక్స్‌ఫర్డ్‌షైర్ 2016లో బస్సులకిచ్చే డబ్బు మొత్తానికి మొత్తం ఆపేశాయి. ఆ పల్లెల్లో పెద్దవాళ్ల పర్సుల్లో గులాబి పువ్వు కార్డు భద్రంగానే ఉంది. దేశంలో ఎక్కడైనా ఏ లోకల్ బస్సైనా ఎక్కే హక్కు భద్రంగానే ఉంది. స్టాపులో టైముల కాగితం మాత్రం పీకేశారు.

పైగా ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ముసలివాళ్లెక్కువగా ఉన్న ఊరి రూటు తీసుకోండి. అందులో ఎక్కేవాళ్లు ముప్పాతికమంది మాలాంటి కార్డుల వాళ్లే అయితే, బస్సు నిండుగా వెళ్లినా వాళ్లలో ఎక్కువమంది మీద కంపెనీకి సగం చార్జీ ఆదాయమే. కొన్నాళ్లు చూసి ఆ రూటు వదిలేస్తుంది. అప్పుడు కౌన్సిలు టెండరు పిలవాలి. టెండరుకు డబ్బెక్కడిది, పాసులకే కట్టేసింది కదా. రూటు పోతుంది. రూటు పోయాక అక్కడ పాసుల బిల్లు కూడా తగ్గుతుంది. కౌన్సిలు ఖజానాలో కూర్చున్న మనిషికి ఇది ఆదా. ఎవరూ దుర్మార్గులు కాకుండానే, ఎవరూ ఏ చట్టమూ తప్పకుండానే ఒక ఊరికి బస్సు ఆగిపోతుంది. తొమ్మిదిన్నర గారూ, ఆ రోజు నుంచి మీకూ అక్కడ పని లేదు. నిరుద్యోగం ఎలా ఉంటుందో కనుక్కోండి.

మిమ్మల్ని జరిపే అధికారం కౌన్సిలుకు ఉంది. తొమ్మిదికో, ఎనిమిదిన్నరకో, అసలు గీతే లేకుండానో చేసుకోవచ్చు. తోడు లేకుండా కదల్లేనివాళ్ల పక్కన వచ్చే మనిషికి కూడా పాసు ఇవ్వచ్చు. ఇంటికొచ్చి ఎక్కించుకునే చిన్న బండ్లలో పాసు చెల్లేలా చేయచ్చు. చట్టం ఇవేవీ వద్దనదు, కానీ సొంత డబ్బుతో చేసుకోమంటుంది. అందుకే ఒక కౌంటీలో మీరు ఉండి, గీత దాటితే పక్క కౌంటీలో లేకుండా పోతారు. గ్రేటర్ మాంచెస్టర్ 2025 ఆగస్టులో నెల రోజులు మిమ్మల్ని సెలవు మీద పంపి చూసింది. అక్కడ ఆ ఏడాది జనవరికే బస్సులన్నీ మళ్లీ ప్రజల అజమాయిషీలోకి వచ్చాయి కాబట్టి, ఏ టైముకు ఎవరిని ఎక్కించుకోవాలో తేల్చుకునే చోటు ఒక్కటే. మా కౌంటీలో కంపెనీ ఒకరిది, రూటు ఒకరిది, డబ్బు ఒకరిది, గీత ఇంకొకరిది.

తెనాలిలో ఉన్న మా అక్క ఈ గొడవంతా ఫోనులో విని, 'ఎక్కాలంటే ఎక్కడమేగా, దీనికింత శాస్త్రమేమిటే' అంది. ఆవిడకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తాడు. వయసుతో పనిలేదు, టైముతో పనిలేదు. తెలంగాణలో మహాలక్ష్మి అంతకు ముందే, 2023 డిసెంబరు 9న మొదలైంది. బావగారు మాత్రం అరవై దాటినవాళ్లకిచ్చే నాలుగో వంతు రాయితీతో టికెట్టు కొనుక్కుని, అక్క పక్కన సీటు దొరక్క నిలబడి, గుంటూరు దాకా గొణుక్కుంటూ వెళ్తాడట. ఆ సున్నా టికెట్టుకీ నా కార్డు కూతకీ తేడా లేదు, రెండూ ఎవరో కట్టాల్సిన బిల్లులే. కాకపోతే అక్కడ వాగ్దానం చేసిందీ కట్టాల్సిందీ ఒకే రాష్ట్ర ప్రభుత్వం. ఆలస్యమైతే ఎవరిని నిలదీయాలో మా అక్కకు తెలుసు. బస్సుల్లో తొక్కిసలాట ఉంది, బస్సులు చాలడం లేదు, ఆ తిట్లు కూడా సరైన గుమ్మం ముందే పడతాయి. ఇక్కడ నేను కౌన్సిలును అడిగితే లండన్ వైపు చూపిస్తుంది, లండన్‌ను అడిగితే మీ గ్రాంటులోనే కలిపి ఇచ్చాం కదా అంటుంది.

ఉన్నవాళ్లకు కూడా ఉచితమెందుకు, ఆదాయం చూసి ఇవ్వచ్చుగా అనే పెద్దమనుషులున్నారు. పాసు మీద ఏటా కోట్ల కొద్దీ పౌండ్లు ఖర్చవుతున్నాయని వాళ్లు లెక్క చూపిస్తారు. ఆ మాట నాకు నచ్చదు. కారున్న రిటైర్డు మేనేజరు ఆ కారు ఇంట్లో పెట్టి బస్సెక్కితే, ఆ బస్సు బతకడానికి ఆయన కూడా ఒక కారణమవుతాడు. లేనివాళ్లకు మాత్రమే అని గీత గీసిన బస్సు ఎలా ఉంటుందో, ఏ కౌన్సిలైనా దాన్ని ఎంత తేలిగ్గా ఆపేస్తుందో ఊహించుకోండి. లేనివాళ్లకు ఫారాలు నింపడం ఎంత కష్టమో ల్యాబు కిటికీ దగ్గర చాలా చూశాను. ఆదాయపు పన్ను అని ఒకటుంది, ఉన్నవాళ్ల దగ్గర అక్కడ తీసుకోండి. బస్సు మెట్టు మీద కాదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పట్నంలో మీరు ఉంటే ఉండండి, తొమ్మిదికి జరిగితే సంతోషం. రోజుకు మూడు నాలుగు బస్సులు కూడా లేని రూటుల్లోంచి మాత్రం దయచేయండి. పొద్దుటి ఖాళీ బస్సులో నలుగురు ముసలివాళ్లు కూర్చుంటే కొత్త బస్సు కొనాల్సిన పని ఎవరికీ రాదు. ఆస్పత్రి టైము చీటీ చూపించినవాళ్లను చూసీచూడనట్టు వదిలేయండి. మీ పై వాళ్లకు కూడా నా మాటగా చెప్పండి. పాసుకయ్యే డబ్బును మళ్లీ విడిగా, పేరు పెట్టి, కనపడేలా ఇవ్వమనండి. కార్డుకు చట్టం రాసిన చేత్తోనే ఊరికి రోజుకు కనీసం ఇన్ని బస్సులని కూడా రాయమనండి. 2025లో వచ్చిన కొత్త బస్సుల చట్టం కౌన్సిళ్ల చేతికి మళ్లీ కొంత పగ్గం ఇచ్చింది. ఏ ఊరికైనా తప్పనిసరి అనుకున్న బస్సులేవో గుర్తించి జాబితా రాసుకోమంది. మంచిదే. జాబితాలో పేరున్న బస్సుకు డీజిలు ఎవరు పోస్తారో కూడా పక్కన రాస్తే ఇంకా మంచిది.

మా కౌన్సిలు ఇప్పుడు బస్సుల ఖర్చు మీద ప్రజల అభిప్రాయం అడుగుతోంది. పెద్దవాళ్లు తప్పకుండా వచ్చి మాట్లాడాలని కాగితం మీద లావు అక్షరాల్లో వేశారు. సమావేశం వచ్చే మంగళవారం పొద్దున తొమ్మిదీ ముప్పావుకి, కౌంటీ ఆఫీసులో. మా ఊరి నుంచి అక్కడికి వేళకు చేరే బస్సు ఎనిమిదీ ముప్పై అయిదుది. దాని తర్వాతది ఎక్కితే నేను వెళ్లేసరికి కుర్చీలు మడతపెడుతుంటారు. గుజరాతీ ఆవిడ పిల్లల్ని దింపి నేరుగా అక్కడికే వస్తానంది. నేను మూడు పౌండ్లిచ్చి టికెట్టు కొనుక్కుని వస్తాను. ఆ టికెట్టును అభిప్రాయం రాసే కాగితానికి గుండుసూదితో గుచ్చి, ఖర్చుల కింద తిరిగి ఇప్పించమని రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ఇస్తారో ఇవ్వరో, ఇస్తే ఏ పద్దులోంచి ఇస్తారో చూడాలనుంది.

ఇట్లు,
పాసు చేతిలో ఉన్న ప్రయాణికురాలు